షటిల్ వదిలిన ఆఖరి ఉపగ్రహం: మనుషులున్న నౌక నుంచి సైనిక పరీక్షా ఉపగ్రహాన్ని ఎలా వదులుతారు?

ప్రశ్న: 2011లో ఆఖరి స్పేస్ షటిల్ (మనుషుల్ని, సామాన్ని తీసుకెళ్లి తిరిగొచ్చే అమెరికా నౌక) ప్రయాణంలో అమెరికా రక్షణశాఖకు చెందిన చిన్న ఉపగ్రహాన్ని వదిలారని చదివాను. నాలుగు కిలోలు కూడా లేని పెట్టెకి మనుషులున్న నౌక ఎందుకు? వదలడమంటే వ్యోమగామి చేత్తో విసరడమా? మా కాలేజీలో క్యూబ్‌శాట్ (పది సెంటీమీటర్ల ఘనాల లెక్కలో చేసే చిన్న ఉపగ్రహం) తయారుచేస్తున్నాం. అంతరిక్ష కేంద్రం నుంచి వదలాలంటే మాకు ఎక్కడ చిక్కొస్తుంది?

జవాబు:

మీరు చదివింది పీఎస్‌ఎస్‌సీ-2 గురించి. పూర్తి పేరు పికోశాటిలైట్ సోలార్ సెల్ టెస్ట్‌బెడ్-2. కాలిఫోర్నియాలోని ఏరోస్పేస్ కార్పొరేషన్ తయారుచేస్తే, అమెరికా రక్షణశాఖలోని స్పేస్ టెస్ట్ ప్రోగ్రాం దానికి ప్రయాణం ఏర్పాటు చేసింది. కొలతలు 12.7 × 12.7 × 25.4 సెంటీమీటర్లు, బరువు సుమారు 3.7 కిలోలు. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. 2011 జులై 20న, మన టైం ప్రకారం మధ్యాహ్నం 1:24కి, అట్లాంటిస్ అనే షటిల్ కార్గో బే (సామాను పెట్టే భాగం) నుంచి బయటికి వెళ్లింది. షటిళ్లు మొత్తం ముప్పై ఏళ్లలో వదిలిన, ఉపగ్రహాలూ ఇతర సరంజామా కలిపి 180 పేలోడ్లలో ఇదే చివరిది. మర్నాడు అట్లాంటిస్ నేలకు దిగింది.

‘సైనిక’ అన్న మాట చూసి గూఢచారి అనుకోవద్దు. దానికి పైనుంచి వేరే దేశాల మీద నిఘా పెట్టే పనేమీ లేదు. కొత్త తరం సోలార్ సెల్స్ నిజమైన ఎండలో, శూన్యంలో ఎంత కరెంటిస్తాయో కొలవడం, చిన్న జీపీఎస్ రిసీవర్‌తో అయనోస్పియర్‌లో (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర) ఎలక్ట్రాన్ల సాంద్రత చూడటం, అంత చిన్న పెట్టెలో ఘన ఇంధన మోటార్లు నాలుగు పెట్టి నడపగలమా అని పరీక్షించడం దాని పనులు. పెద్ద సైనిక ఉపగ్రహంలో కొత్త సెల్ పెట్టి అది చెడిపోతే పోయేది వందల కోట్లు. అందుకే ముందు ఇటుకంత పెట్టెలో పెట్టి చూసుకుంటారు.

మనుషులున్న నౌక ఎందుకంటే, ఖాళీ ఉంది కాబట్టి. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు. షటిల్ ఎలాగూ వెళ్తోంది, కార్గో బే గోడకి చిన్న లాంచర్ పెట్టె బిగించడానికి చోటుంది. కానీ ఈ ఉచిత ప్రయాణానికి ఇంకోలా మూల్యం చెల్లించాలి. మామూలు రాకెట్ మీద వెళ్లే చిన్న ఉపగ్రహం విషయంలో అందరి భయం ఒకటే, అక్కడికెళ్లాక పనిచేస్తుందా లేదా అని. మనుషులున్న నౌకలో అది మీ భయం మాత్రమే, నౌక వాళ్లకి పట్టదు. మీ పెట్టె పనిచెయ్యకపోతే వాళ్లకి నష్టం లేదు, వేళ కాని వేళ పనిచేస్తేనే ముప్పు. డిజైన్‌లో సగం ఈ ఒక్క భయం చుట్టూనే తిరుగుతుంది. మీ చిక్కులు కూడా అక్కడే మొదలవుతాయి.

షటిల్ రోజుల నుంచి ఉన్న నియమం ఇది: ఏ ప్రమాదం వల్ల ప్రాణం గానీ నౌక గానీ పోవచ్చో, దాన్ని ఆపడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు అడ్డుకట్టలు ఉండాలి. రెండు చెడిపోయినా మూడోది ఆపాలి. అంతకు తక్కువ స్థాయి ప్రమాదానికి రెండు చాలు. ఈ అడ్డుకట్టల్నే ఇన్‌హిబిట్లు అంటారు. పీఎస్‌ఎస్‌సీ-2లో మోటార్లు కార్గో బేలోనే అంటుకోవడం మొదటి రకం ప్రమాదమని వేరే చెప్పక్కర్లేదు. బ్యాటరీ పేలడం కూడా అంతే. క్యూబ్‌శాట్‌లో మీకు మోటారు లేకపోయినా బ్యాటరీ, ట్రాన్స్‌మిటర్, విచ్చుకునే యాంటెన్నా ఎలాగూ ఉంటాయి.

కాలేజీ జట్లు ఎక్కువగా బోల్తాపడేది ఈ ‘సంబంధం లేని’ అన్న మాట దగ్గరే. మూడు మాస్‌ఫెట్లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) పెట్టి, వాటిని తెరిచి మూసే గేట్లు మూడింటినీ ఒకే మైక్రోకంట్రోలర్ పిన్నుకి కలిపితే అవి మూడు కాదు, ఒకటే. ఆ చిప్ పిచ్చెక్కితే మూడూ ఒకేసారి తెరుచుకుంటాయి. ‘సాఫ్ట్‌వేర్‌లో ఆపాం’ అంటే అసలు లెక్కలోకే రాదు. మూడింట్లో కనీసం ఒకటి గ్రౌండ్ వైపు తీగలో ఉండాలి, ఎందుకంటే పాజిటివ్ తీగ ఎక్కడో ఛాసిస్‌కి (లోహపు చట్రానికి) తగిలితే పాజిటివ్ వైపున్న స్విచ్‌లన్నీ ఉత్తవైపోతాయి. ఇంకో దొంగదారి సోలార్ ప్యానెళ్లు. బ్యాటరీ దారి కట్ చేసి ఊరుకుంటే, లాంచర్‌లోకి ఏ కాస్త వెలుతురు పడ్డా ప్యానెళ్ల నుంచి నేరుగా ఉపగ్రహం ప్రధాన కరెంటు తీగల్లోకి కరెంటొచ్చి కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. ప్యానెళ్ల వైపు కూడా అడ్డుకట్టలుండాలి. ఛార్జింగ్ పోర్టు గుండా దొంగదారి లేదని సర్క్యూట్ గీసి చూపించాలి కూడా.

ఇక వదలడం. చేత్తో విసరడం కాదు. స్పేస్‌వాక్‌లో రష్యన్ వ్యోమగాములు కొన్ని చిన్న ఉపగ్రహాల్ని చేత్తో తోసిన మాట నిజమే గానీ, షటిల్‌లో పద్ధతి వేరు. లాంచర్ అంటే ఒక మూత, లోపల స్ప్రింగు, పక్కలా పట్టాలు ఉన్న గొట్టం. షటిల్ క్యాబిన్ వెనక డెక్ మీదున్న స్విచ్‌లని వ్యోమగామి వరసగా వేస్తే మూత గొళ్లెం వదులుతుంది, స్ప్రింగు పెట్టెని బయటికి నెడుతుంది. అంతే. మోటారు, మర చేయి అవసరం లేదు. అదే లాంచర్ కుటుంబంతో 2002 డిసెంబరు 2న ఎండీవర్ షటిల్ నుంచి మెప్సీ అనే జంటని వదిలారు. సుమారు కిలో చొప్పున బరువున్న రెండు పెట్టెల మధ్య 15 మీటర్ల తాడు. ఒక ఉపగ్రహం పక్కకి ఇంకో చిన్న ఉపగ్రహం వెళ్లి దాన్ని పరీక్షించగలదా అన్న ఆలోచనకి అది తొలి అడుగు.

స్ప్రింగు ఎంత వేగంతో నెట్టాలి, ఎటు నెట్టాలి? ఈ లెక్క మీరు చేతితో వేసి చూడండి, చాలా సరదాగా ఉంటుంది. 370 కిలోమీటర్ల ఎత్తులో కక్ష్య వేగం సెకనుకి సుమారు 7.69 కిలోమీటర్లు, ఒక చుట్టుకి 92 నిమిషాలు. పెట్టెని నౌక ప్రయాణించే దిశకి సరిగ్గా వెనక్కి, సెకనుకి ఒక మీటరు వేగంతో నెట్టామనుకోండి. మొదట అది వెనకబడుతుంది. కానీ వేగం తగ్గింది కాబట్టి కిందికి జారుతుంది, కిందికి జారితే చుట్టు తొందరగా పూర్తవుతుంది, దాంతో నౌక కింద నుంచి దూసుకెళ్లి ముందుకొచ్చేస్తుంది. 30 నిమిషాలకి నౌక కన్నా సుమారు రెండున్నర కిలోమీటర్లు కింద, రెండు కిలోమీటర్లకు పైగా ముందు ఉంటుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మళ్లీ నౌక ఎత్తుకే వస్తుంది గానీ, అప్పటికి 16 కిలోమీటర్లకు పైగా ముందుంటుంది. వెనక్కి నెట్టింది ముందుకెళ్లడం కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది.

ఇప్పుడు అదే పెట్టెని నేరుగా కిందికి, అంటే భూమి వైపు నెట్టండి. కింది నుంచి ముందుకెళ్లి, పైకి లేచి, చిన్న దీర్ఘవృత్తం చుట్టి, సరిగ్గా 92 నిమిషాలకి బయల్దేరిన చోటికే వచ్చేస్తుంది. అంటే నౌక దగ్గరికి! పక్కకి నెడితే ఇంకా అన్యాయం, ప్రతి అర చుట్టుకీ ఒకసారి నౌక దారిని దాటుతుంది. గాలి రాపిడి కొంత తేడా తెస్తుంది కానీ మొదటి చుట్లలో దాని మీద భరోసా పెట్టుకోలేం. అందుకే ఎటు నెట్టినా అందులో వెనక్కి నెట్టే భాగం ఉండి తీరాలి. అంతరిక్ష కేంద్రంలోని జపాన్ కిబో మాడ్యూల్ నుంచి వదిలే క్యూబ్‌శాట్లని వెనక్కి, కిందికి మధ్యలో 45 డిగ్రీల కోణంలో నెడతారు. అక్కడి స్ప్రింగు వేగం సెకనుకి 1.1 నుంచి 1.7 మీటర్లు.

పీఎస్‌ఎస్‌సీ-2ని అంతరిక్ష కేంద్రం నుంచి అట్లాంటిస్ విడిపోయాక, దిగడానికి ముందు రోజు వదలడంలో కిటుకు కూడా ఇదే. కేంద్రం పక్కన ఉండగా వదిలితే రెండు పెద్ద నౌకల దారులూ చూసుకోవాలి. దూరం వెళ్లాక వదిలితే ఒక్క షటిల్‌నే చూసుకుంటే చాలు, అదీ మర్నాటికల్లా కిందికి వెళ్లిపోతుంది.

గాలి రాపిడి లెక్కకి బాలిస్టిక్ నంబర్ కావాలి: బరువుని, రాపిడి గుణకం × ఎదురు వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. గిరగిరా తిరిగే పెట్టెకి సగటు ఎదురు వైశాల్యం దాని మొత్తం ఉపరితలంలో నాలుగో వంతు. పీఎస్‌ఎస్‌సీ-2కి ఇది సుమారు 0.04 చదరపు మీటర్లు. రాపిడి గుణకం 2.2 తీసుకుంటే చదరపు మీటరుకి 42 కిలోలు వస్తుంది. కిబో నుంచి వదిలేవాటికి మొదట్లో పెట్టిన పరిమితి 100. పరిమితి ఎందుకంటే, మీ పెట్టె మరీ బరువుగా, బిగుతుగా ఉంటే అది నెమ్మదిగా దిగుతుంది. కేంద్రమే తొందరగా కిందికి జారి దాని దారిలోకి వచ్చే అవకాశం ఉంటుంది. కాబట్టి లోపల ఖాళీ మిగిలిందని సీసం దిమ్మలు పెట్టి బరువు పెంచకండి.

ఈ లెక్క ఎంత చక్కగా పనిచేస్తుందో చూడాలంటే అమెరికా నేవీ పరిశోధనశాల వాళ్ల ఆండే-2 చూడండి. 2009 జులై 30న ఎండీవర్ నుంచి రెండు గోళాలు వదిలారు, పేర్లు కాస్టర్, పోలక్స్. రెండిటి వ్యాసమూ 48 సెంటీమీటర్ల పైచిలుకు, ఒకటే. బరువు మాత్రం ఒకటి సుమారు 47 కిలోలు, ఇంకోటి 27. ఆకారం ఒకటే, బరువు వేరు కాబట్టి, రెండూ ఎంత తేడాతో కిందికి దిగుతున్నాయో లేజరుతో, రాడారుతో కొలిస్తే ఆ ఎత్తులో గాలి సాంద్రత తెలుస్తుంది. శత్రువు ఉపగ్రహం గానీ శకలం గానీ రేపు ఎక్కడుంటుందో చెప్పాలంటే సైన్యానికి కావాల్సిన అంకె ఇదే. తేలికది పోలక్స్ 241 రోజులకి, 2010 మార్చి 28న కాలిపోయింది. బరువైనది కాస్టర్ 384 రోజులు నిలిచి ఆగస్టు 18న పోయింది. బరువుల నిష్పత్తి 1.7 దాకా ఉంటే ఆయుష్షుల నిష్పత్తి 1.6 దగ్గర ఆగింది. గాలి సాంద్రత ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఎత్తుతోనూ సూర్యుడితోనూ మారుతుంది కాబట్టి సరిగ్గా సమానం రాదు.

సూర్యుడి దెబ్బ ఎంతో తెలియాలంటే పీఎస్‌ఎస్‌సీ అన్నదమ్ములిద్దర్నీ పక్కపక్కన పెట్టండి. మొదటిది 2008 నవంబరు 29న వదిలితే 2010 మార్చి 17 దాకా, అంటే 473 రోజులు ఉంది. రెండోది 2011 జులై 20 నుంచి డిసెంబరు 8 దాకా 141 రోజులే. బరువుల తేడా, వదిలిన ఎత్తు కూడా లెక్కలోకి వస్తాయి గానీ పెద్ద తేడా సూర్యుడిదే. 2008-09లో సూర్యుడు మచ్చల్లేకుండా నిద్రపోతున్నాడు. 2011 నాటికి మేలుకున్నాడు. పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది, రాపిడి పెరిగింది. మీ మిషన్‌కి ఏడాది ఆయుష్షు అని కాగితం మీద రాసుకునే ముందు ఆ సంవత్సరం సూర్యచక్రంలో (సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే చక్రంలో) ఎక్కడుందో చూసుకోండి.

పాత కథ ఒకటి చెప్పాలి, లేకపోతే లాంచర్లు ఎప్పుడూ సాఫీగా పనిచేస్తాయనుకుంటారు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా కోసం గ్లోమర్ అని 62 ముఖాలున్న, సుమారు 68 కిలోల ఉపగ్రహం చేశారు. సముద్రంలోని సెన్సర్ల మీదుగా వెళ్తూ వాటి డేటా తీసుకోవడం, అవి ఎక్కడున్నాయో కనిపెట్టడం దాని పని. 1985 ఏప్రిల్‌లో ఛాలెంజర్ షటిల్ మీద, పెద్ద పాలక్యాను లాంటి గెట్ అవే స్పెషల్ క్యానిస్టర్‌లో పంపారు. పక్క క్యానిస్టర్‌లో ఉన్న న్యూశాట్ అనే ఉపగ్రహం బయటికెళ్లింది, గ్లోమర్ మాత్రం కదల్లేదు. మనుషులున్న నౌకకి ఉన్న అసలు లాభం అక్కడ తెలిసింది. మామూలు రాకెట్‌లో అయితే అది పైమెట్టుతో పాటు పోయేది. ఇక్కడ భద్రంగా తిరిగి నేలకొచ్చింది, బాగుచేసి ఆ అక్టోబరు చివర్లో మళ్లీ ఛాలెంజర్‌తోనే పంపితే బయటికెళ్లి సుమారు 14 నెలలు తిరిగింది.

దీనికి ఎదురు రకం జబ్బు 2014లో అంతరిక్ష కేంద్రంలో చూశాం. ఒక లాంచర్ ఆజ్ఞ ఇచ్చినప్పుడు తెరుచుకోకుండా, ఎవరూ అడగని రోజున తనంతట తనే తెరుచుకుని రెండు క్యూబ్‌శాట్లని వదిలేసింది. కేంద్రానికేమీ కాలేదు. ఆ రెండు ఉపగ్రహాలకి వాటి ట్రాన్స్‌మిటర్లు ఆగేలా, యాంటెన్నాలు కొంతసేపు విచ్చుకోకుండా టైమర్లున్నాయి కదా, వాటి విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది.

ప్రొపల్షన్ (ఉపగ్రహాన్ని నెట్టే మోటార్లు) గురించి ఇంకో మాట. పీఎస్‌ఎస్‌సీ-2 మోటార్లు కార్గో బేలో, అంటే మనుషులుండే గదికి బయట ప్రయాణించాయి. 2014లో అదే నేవీ పరిశోధనశాల చేసిన స్పిన్‌శాట్ సంగతి వేరు. 56 సెంటీమీటర్ల గోళం, 57 కిలోలు. డ్రాగన్ నౌకలో లోపలి సామానుగా వెళ్లి, అంతరిక్ష కేంద్రంలో మనుషులు తిరిగే చోటే ఉండి, నవంబరు 28న కిబో ఎయిర్‌లాక్ (లోపలి గాలి పోకుండా బయటికి పంపే గది) ద్వారా బయటికెళ్లింది. ఇంధనంతో సహా లోపల ఎలా ఉంచనిచ్చారంటే, అది నిప్పుకో నిప్పురవ్వకో అంటుకోదు. విద్యుత్తు పారుతున్నంతసేపే మండుతుంది, ఆపితే ఆగుతుంది. అంటే మంటని ఆపే సమస్యని కరెంటు ఆపే సమస్యగా మార్చారు. కరెంటుకి మూడు అడ్డుకట్టలు ఎలా పెట్టాలో అప్పటికే అందరికీ తెలుసు. ఈ రంగంలో తెలివైన డిజైన్ అంటే నా దృష్టిలో ఇదే. మీ జట్టులో ఎవరైనా ఒత్తిడిలో ఉన్న గ్యాస్ సిలిండర్ పెడదామంటే ముందు దీని గురించి చదివించండి.

శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లే పెట్టెకైతే ఈ గొడవ చాలా తగ్గుతుంది. అక్కడా సెపరేషన్ స్విచ్‌లు, బ్యాటరీ పరీక్షలు ఉంటాయి కానీ, పక్కన మనుషులుండరు. మీ లక్ష్యం డేటా మాత్రమే అయితే ఆ దారి ముందు చూడండి. అంతరిక్ష కేంద్రమే కావాలంటే కింది సంగతులు ఇవాళ్టి నుంచే పట్టించుకోండి.

పట్టాలు: లాంచర్‌ని తాకే నాలుగు మూలల పట్టాలు కనీసం 8.5 మిల్లీమీటర్ల వెడల్పుండాలి, అంచులు గుండ్రం చెయ్యాలి, హార్డ్ ఆనొడైజింగ్ (అల్యూమినియం మీద గట్టి ఆక్సైడ్ పూత) చేయించాలి. శూన్యంలో ఒట్టి అల్యూమినియం అల్యూమినియంతో రాసుకుంటే అతుక్కుపోతుంది. మామూలు రంగు ఆనొడైజింగ్ చేయించి సరిపెట్టుకుందామనుకుంటే, పెట్టె లాంచర్‌లో సరిపోతుందో చూసే ఫిట్ చెక్‌లోనే దొరికిపోతారు. కొలతల్లో చాలా గొడవలు పూత మందం లెక్కలో వదిలెయ్యడం వల్లే వస్తాయి.

స్విచ్‌లు: పట్టా చివర్లో ఉండే సెపరేషన్ స్విచ్, మీ పెట్టె లాంచర్ లోపల ఉన్నంతసేపూ పూర్తిగా నొక్కుకుని ఉండాలి. మీట కదిలే దూరం మరీ తక్కువున్న స్విచ్ కొంటే కంపనాల్లో ఒక మిల్లీమీటరు కదిలినా ఒక్క క్షణం తెరుచుకుంటుంది. అందుకే మళ్లీ నొక్కుకుంటే, బయటికొచ్చినప్పటి నుంచి నిమిషాలు లెక్కపెట్టే టైమర్ సున్నాకి వెళ్లాలన్న నియమం ఉంది. టైమర్‌ని మైక్రోకంట్రోలర్ మెమరీలో దాచి, రీసెట్ అయినా లెక్క కొనసాగేలా రాస్తే ఈ నియమం తప్పినట్టే. బయటికొచ్చాక 30 నిమిషాలు ట్రాన్స్‌మిటర్ మౌనంగా, యాంటెన్నా ముడుచుకుని ఉండాలి. ఎగువన లెక్క వేశాం కదా, 30 నిమిషాల్లో మీ పెట్టె రెండున్నర కిలోమీటర్లు కిందికి దిగిపోతుంది. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు.

జీపీఎస్: మార్కెట్లో దొరికే చాలా చిప్‌లు సెకనుకి సుమారు 515 మీటర్ల వేగం దాటితే ఆగిపోతాయి. ఎగుమతి నియమాల వల్ల అలా చేస్తారు. కక్ష్యలో వేగం దానికి పదిహేను రెట్లు. ఆ అడ్డు తీసిన ఫర్మ్‌వేర్ కావాలని ముందే తయారీదారుని అడగండి, అనుమతి పత్రాలకి నెలలు పడతాయి.

బ్యాటరీ: మీరు పెట్టె అప్పగించాక వదిలేదాకా నెలలు గడుస్తాయి, మధ్యలో ఛార్జ్ చేసే వీలుండదు. 2,600 మిల్లీ ఆంపియర్ అవర్ల 18650 సెల్ (గొట్టం ఆకారపు లిథియం సెల్) తీసుకోండి. అన్నీ ఆపేసినా ప్రొటెక్షన్ సర్క్యూట్ 50 మైక్రోఆంపియర్లు తాగుతోందనుకుంటే ఆరు నెలలకి 216 పోతుంది, ఫర్వాలేదు. అదే ఎక్కడో ఒక పుల్-డౌన్ రెసిస్టర్ వల్ల అర మిల్లీ ఆంపియర్ కారుతుంటే ఆరు నెలలకి 2,160 పోతుంది, బయటికొచ్చేసరికి ముడిచిన యాంటెన్నాని పట్టి ఉంచే తాడుని కాల్చే తీగని వేడెక్కించే శక్తి కూడా ఉండదు. స్విచ్‌లన్నీ నొక్కి ఉంచి, బ్యాటరీ తీగలో మైక్రోఆంపియర్ మీటర్ పెట్టి, 24 గంటలు వదిలేసి అంకె రాసుకోండి. కంపన పరీక్ష అయ్యాక మళ్లీ అదే కొలత తీసుకోండి. రెండు అంకెలూ కలవకపోతే పెట్టె విప్పాల్సిందే.